కాలశేషము పురుషోత్తమునిదే

మహాభారత విరాటపర్వమున ఉత్తరగోగ్రహణ ఘట్టములో ఒక లెక్క వచ్చును. అర్జునుడు గాండీవము పూని రణరంగమున నిలిచినంతనే దుర్యోధనునికి ఆశ పుట్టెను. పదుమూడవ యేడు ముగియకుండగనే పాండవులు బయల్పడిరని తేలినచో, వారు మరల పండ్రెండేండ్లు అడవులకు పోవలసియుండును. తీర్పు చెప్పవలసిన భారము భీష్మునిపై పడెను. ఆ పితామహుడు బాణము పట్టుటకు ముందు కాలగణనము పట్టెను. ప్రతి అయిదేండ్లకు రెండు మాసములు అధికముగా చేరుననియు, ఆ విధముగ పదుమూడేండ్లలో అయిదు మాసములకు పైగా మిగులు ఏర్పడినదనియు, పాండవులు ఆడిన మాట తప్పలేదనియు, గడువు నిండిన పిదపనే అర్జునుడు వెలువడెననియు నిర్ణయించెను.

ధర్మరాజు సత్యము, ద్రౌపది పడిన కష్టము, ఒక రాజ్యము యొక్క భవిష్యత్తు, ఇవన్నియు ఆనాడు అధికమాసముల లెక్కపై ఆధారపడినవి. నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు శ్రీకారము చుట్టిన రాజమహేంద్రవరము నుండి అంతర్వేది సాగరసంగమము వరకు గల గోదావరీ తీరవాసులకు, ఈ మిగులు కాలమును గూర్చిన విచారము 2026, 2027 సంవత్సరములలో మిక్కిలి ఆవశ్యకమైనది. 2026లో అధిక జ్యేష్ఠము, 2027లో గోదావరీ పుష్కరము ఒకదాని వెనుక నొకటి వచ్చుచున్నవి. రెండింటికిని మూలము ఒక్కటే. కాలమును ఏ కొలపాత్రతో కొలిచినను కొంత మిగులును. ఆ మిగిలినది ఎవరిది?

మిగులు పుట్టు విధము

సూర్యుడు రాశిచక్రమును ఒకసారి చుట్టివచ్చుటకు 365 దినముల 15 ఘడియల పైచిలుకు పట్టును. చంద్రుని పన్నెండు మాసములకు 354 దినముల 22 ఘడియలు మాత్రమే. ప్రతి సంవత్సరము చాంద్రమానము సుమారు 11 దినములు వెనుకబడును. దీనిని సవరింపనిచో చైత్రము క్రమముగా మాఘములోనికి, పుష్యములోనికి జరిగిపోవును. శ్రీరామనవమి చలికాలమున వచ్చును. అందుచేత, ఏ చాంద్రమాసములో సూర్యసంక్రమణము జరుగదో ఆ మాసమును అధికమాసమని, దాని తరువాతి దానిని నిజమాసమని, రెండింటికి ఒకే పేరుతో మన పెద్దలు వ్యవహరించిరి.

డెల్టా కాలువలలో పడవలు నడచిన దినములు ఎరిగినవారికి ఈ పద్ధతి సులభముగ బోధపడును. ఎగువ నీటి మట్టము వేరు, దిగువ నీటి మట్టము వేరు. పడవ నేరుగా ఒకదాని నుండి మరియొకదానికి పోజాలదు. లాకులో నిలిపి, తలుపులు మూసి, నీరు పెట్టి మట్టము సమమైన పిదపనే పైతలుపు తీయుదురు. పడవ లాకులో ఆగిన కాలము వ్యర్థము కాదు. అది ఆగినందుననే పయనము సాగినది. సౌరమానము ఒక మట్టము, చాంద్రమానము మరియొక మట్టము. అధికమాసము ఆ రెండింటి నడుమనున్న లాకు.

సూర్యుని నడక ఏడాది పొడవున ఒక్క తీరుగ నుండదు. మిథునమున మెల్లగా, ధనుస్సున వడిగా సాగును. మిథునరాశిని దాటుటకు 31 దినములకు పైగా పట్టగా, ధనుస్సును దాటుటకు 30 దినములైనను పట్టదు. కనుకనే అధికమాసములు ఎక్కువగా చైత్రము మొదలు ఆశ్వయుజము వరకు గల మాసములలో వచ్చును. పుష్యమునకు అధికము తటస్థింపదు.

అయిదేండ్ల నుండి కల్పము వరకు

ఈ మిగులును పెద్ద కొలతలలోనికి మార్చుటకు శాస్త్రకారులు మెట్టుమెట్టుగా ప్రయత్నించిరి. మొదటి మెట్టు వేదాంగజ్యోతిషములోని పంచవత్సరాత్మక యుగము. అయిదు సంవత్సరములు, 1,830 దినములు, 62 చాంద్రమాసములు. అరువది మాసములపై వచ్చిన రెండును అధికమాసములు. భీష్ముడు చెప్పినది ఈ గణనమునే. శ్రీమద్భాగవతము సంవత్సర, పరివత్సర, ఇడావత్సర, అనువత్సర, వత్సరములని పేర్కొన్నది ఈ అయిదింటినే.

కాని 62 చాంద్రమాసములకు నిజముగ 1,831 దినములు కొంచెము తక్కువగా పట్టగా, అయిదు సౌరవత్సరములకు 1,826 దినముల పైచిలుకు చాలును. అనగా అయిదేండ్లకు రెండను లెక్క కొంచెము హెచ్చు. దానిని సరిదిద్దునది 19 ఏండ్ల చక్రము. 19 సౌరవత్సరములకు 235 చాంద్రమాసములు, అందు 7 అధికములు. తేడా కొన్ని గంటలు మాత్రమే. 2015లో అధికాషాఢము, 2018లో అధిక జ్యేష్ఠము, 2020లో అధికాశ్వయుజము, 2023లో అధిక శ్రావణము, 2026లో అధిక జ్యేష్ఠము, 2029లో అధిక చైత్రము, 2031లో అధిక భాద్రపదము, ఇవి ఏడు. మరల 2034లో అధికాషాఢమే. క్రీస్తుపూర్వము 432లో ఏథెన్సు నగరమున మెటన్ అను పండితుడు ఈ చక్రమునే ప్రకటించెను. యూదుల పంచాంగము నేటికిని 19 ఏండ్లకు ఏడు అధికమాసములను పాటించుచున్నది.

ఈ చక్రము పూరీక్షేత్రమున కన్నులకు కనబడును. అధికాషాఢము వచ్చిన సంవత్సరమున జగన్నాథస్వామికి నవకళేబరోత్సవము జరుగును. 1912, 1931, 1950, 1969 సంవత్సరములు సరిగా 19 ఏండ్ల యెడముతో వచ్చినవి. పిదప 1977లో ఎనిమిదేండ్లకే వచ్చినది. తరువాత 1996, 2015. లోకమంతయు మలమాసమని తొలగినవేళ జగన్నాథుడు క్రొత్త దారుమూర్తిని ధరించుట భక్తులు గమనింపదగిన విషయము.

తదుపరి మెట్టు అరువదేండ్ల ప్రభవాది చక్రము. అందు గురువు ఇంచుమించు అయిదు చుట్లు, శని రెండు చుట్లు తిరుగును. ఈ అరువదింటిని అయిదేండ్ల చొప్పున పన్నెండు యుగములుగా విభజించి, మొదటి యుగమునకు అధిదేవత విష్ణువని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పెను. అయిదేండ్లకు రెండను లెక్కన అరువదేండ్లకు 24 అధికమాసములు రావలెను. వాస్తవమునకు వచ్చునవి 22. స్థూలగణనము అరువదేండ్లలో రెండు నెలలు తప్పిపోయినది.

అందుచేత సూర్యసిద్ధాంతము చిన్న చక్రములను విడిచి, మహాయుగమునే కొలపాత్రగా గ్రహించినది. 43,20,000 సౌరవత్సరములు, అనగా 5,18,40,000 సౌరమాసములు. అందులో అధికమాసములు 15,93,336. భాగించినచో ఒక అధికమాసము నుండి మరియొక అధికమాసమునకు సగటున 32 మాసముల 16 దినముల 4 ఘడియలు వచ్చును. పంచాంగకర్తలు నేటికిని చెప్పు లెక్క ఇదియే.

పాశ్చాత్యులును ఈ చిక్కును తప్పించుకొనలేదు. నాలుగేండ్లకొక దినము చేర్చిన లెక్క హెచ్చు కాగా, 1582లో పది దినములు తొలగించి, అక్టోబరు 4 మరునాడు 15వ తేదీ యని వ్యవహరించిరి. నాలుగువందల ఏండ్లకు నూరు కాక 97 దినములే చేర్చవలెనని నియమించిరి. అందుచేతనే 1900 సంవత్సరమున ఫిబ్రవరి 29 లేదు, 2000 సంవత్సరమున ఉన్నది, 2100 సంవత్సరమున ఉండదు. అయినను ఇంకను కొంచెము మిగులుచునే యున్నది.

ఇక చివరి మెట్టు కల్పము. బ్రహ్మకు ఒక పగలు వేయి మహాయుగములు. ఆ పగటిలో పదునలుగురు మనువులు. ఒక్కొక్క మనువునకు 71 మహాయుగములు. 71ని 14తో హెచ్చవేసినచో 994. వేయిలో ఆరు మహాయుగములు మిగిలినవి! బ్రహ్మదేవుని దినములో సైతము శేషము తప్పలేదు. శాస్త్రము దానిని పారవేయలేదు. కల్పాదియందు ఒకటి, మన్వంతరముల చివర పదునాలుగు, మొత్తము 15 సంధులుగా పంచినది. ఒక్కొక్క సంధి కృతయుగ ప్రమాణము, 17,28,000 సంవత్సరములు. పదునైదింటిని కూడినచో సరిగా ఆరు మహాయుగములు. మనువు అధికారము ముగిసి, రాబోవు మనువు ఇంకను రాని ఆ సంధికాలమున ఏ మనువు పాలనయు లేదు. లోకము జలమయమై యుండగా ఉండువాడు శ్రీమన్నారాయణుడొక్కడే.

దిక్కులేని మాసమునకు దిక్కు

ఇప్పుడు పురుషోత్తమమాస మాహాత్మ్యములోని కథ అర్థవంతమగును. పన్నెండు మాసములకును అధిదేవతలు ఉండగా అధికమాసమునకు ఎవరును లేరు. వివాహము లేదు, ఉపనయనము లేదు, గృహప్రవేశము లేదు. లోకులు మలమాసమని నిందించిరి. ఆ మాసము కన్నీటితో వైకుంఠమునకు పోయి శ్రీమహావిష్ణువును శరణు వేడెను. స్వామి దానిని గోలోకమునకు గొనిపోయి పురుషోత్తముని పాదముల చెంత నిలిపెను. భగవానుడు దానిని చూచి, తన గుణములను, తన కీర్తిని, చివరకు తన పేరునే దానికి ప్రసాదించెను. నాటి నుండి అది పురుషోత్తమ మాసము.

ఇది కేవలము ఊరడింపు కథ కాదు. మాసములకు పేరు వచ్చునది వాని నక్షత్రముల వలన, వానిలో జరుగు సంక్రమణముల వలన. పేరు పొందుటకు తనదంటూ ఏమియు లేని మాసమునకు భగవంతుని పేరే దక్కినది. శరణాగతి యనగా ఇదియే. తనకు యోగ్యత కలదని వచ్చినవానికి ఆ యోగ్యత మేరకే ఫలము. ఏమియు లేదని వచ్చినవానికి స్వామియే ఫలము.

కనుక అధికమాసములో కామ్యకర్మలు విడువవలెనే కాని భగవత్కర్మలు విడువరాదు. నిత్యపూజ, సంధ్యావందనము, ఏకాదశీవ్రతము, విష్ణుసహస్రనామ పారాయణము, గీతలో పురుషోత్తమయోగమను పదునైదవ అధ్యాయము పఠించుట, కంచుపాత్రలో 33 అపూపములుంచి దానమిచ్చుట ఆచారమున కలవు. కోరికతో చేయు పనులకు సెలవిచ్చి, కోరిక లేని పనులకు తీరిక కల్పించిన మాసమిది.

గృహస్థులకు కలుగు ముఖ్యసందేహము పితృకార్యమును గూర్చినది. అధికమాసమున పరమపదించిన వారికి ప్రత్యాబ్దికము ఎప్పుడు? ఆ అధికమాసము మరల వచ్చుటకు ఎనిమిదేండ్లో, పందొమ్మిదేండ్లో పట్టవచ్చును గదా! అందుచే ప్రతి సంవత్సరము అదే పేరుగల మాసమున, అదే తిథినాడు చేయవలెననియు, ఆ మాసమే మరల అధికమైన యేట అధికముననే చేయవలెననియు పెద్దల నిర్ణయము. 2018లో అధిక జ్యేష్ఠమున తండ్రిని కోల్పోయినవానికి 2026 అట్టి సంవత్సరము. శుద్ధమాసమున గతించినవారి విషయములో సంప్రదాయభేదములు కలవు కనుక ఇంటి పురోహితుని అడిగి చేయుట మేలు. ఏ తీరుగ చూచినను, మరణించినవాని తిథి లెక్కలో జారిపోకుండ శాస్త్రము కాపాడినది.

తిరుమలలో ఈ మిగులు ఉత్సవముగనే మారినది. సాలకట్ల బ్రహ్మోత్సవము కన్యామాసమున శ్రవణానక్షత్రమును బట్టి జరుగును. నవరాత్రి బ్రహ్మోత్సవము ఆశ్వయుజమును బట్టి జరుగును. సాధారణముగ రెండును కలిసి వచ్చుటచే ఒకటే జరుగును. అధికమాసము వచ్చిన యేట రెండును విడివడి, 2015, 2018, 2020, 2023 సంవత్సరములలో జరిగినట్లు స్వామికి రెండు బ్రహ్మోత్సవములు జరుగును. లోకమునకు లోటుగ తోచినది స్వామి సన్నిధిలో రెండవ గరుడసేవ అయినది.

పన్నెండేండ్ల పుష్కరము, 144 ఏండ్ల మాట

గురువు పన్నెండేండ్లకొకసారి సింహరాశిని ప్రవేశించును. అపుడు గోదావరికి పుష్కరము. ఈ పన్నెండును స్థూలసంఖ్యయే. సూర్యసిద్ధాంతము మహాయుగమున గురుభగణములు 3,64,220 అని చెప్పినది. దీనిని బట్టి ఒక చుట్టునకు పట్టునది 11 సంవత్సరముల 10 మాసముల 10 దినములు. పన్నెండేండ్లకు గురువు నాలుగు భాగలకు పైగా ముందుకు జరుగును. అందుచే పుష్కరప్రవేశము 1991లో ఆగస్టు 14న, 2003లో జూలై 30న, 2015లో జూలై 14న జరిగినది. 2027లో జూన్ 26న జరుగును. గురువు వక్రగతి వలన ఈ తేడా ప్రతిసారి సమముగ నుండదు కాని, ముందునకు జరుగుట మాత్రము స్పష్టము. ఇట్లు జరిగి జరిగి సుమారు 83 ఏండ్లలో గురువు ఏడు చుట్లు పూర్తిచేయును. అందొకసారి పన్నెండునకు బదులు పదునొకండు ఏండ్లకే పర్వము వచ్చును. హరిద్వారమున 2010 తరువాతి కుంభమేళ 2021లోనే జరిగినది. అంతకు పూర్వము అట్లు వచ్చినది 1938లో. నడుమ 83 ఏండ్లు.

2015లో గోదావరికి వచ్చినది మహాపుష్కరమనియు, పన్నెండు పన్నెండ్లు 144 ఏండ్లకొకసారి మాత్రమే వచ్చుననియు ప్రచారము జరిగినది. లెక్కలో ఇది నిలువదు. 144 సౌరవత్సరములలో గురువు పన్నెండు చుట్లు ముగించి మరి ఒకటిన్నర రాశికి పైగా నడచి, సింహమును దాటి కన్యారాశి చివరిభాగమునకు చేరును. పుష్కరస్నానమునకు శాస్త్రము చెప్పిన నిమిత్తము గురుసంక్రమణమే కాని అది ఎన్నవ పుష్కరమను సంఖ్య కాదు. 2003లో స్నానము చేసిన వృద్ధునికి దక్కిన గోదావరి, 2015లో స్నానము చేసినవానికి దక్కిన గోదావరి ఒక్కటే.

ఈ మాట లెక్కల కొరకు మాత్రమే చెప్పుట కాదు. 2015 జూలై 14న తొలిదినము ఉదయమే స్నానము చేయవలెనను ఆత్రుతతో రాజమహేంద్రవరము పుష్కరఘాటునకు జనము వెల్లువెత్తగా, తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా భక్తులు ప్రాణములు కోల్పోయిరి. వారి భక్తిలో లోపము లేదు. ఆ ఘడియ దాటినచో అంతయు పోవునను భయము మాత్రము శాస్త్రమున లేనిది. ఆ దినము అధికాషాఢ బహుళపక్షమున పడినది. మొదటి మూడు దినములు అధికాషాఢములో, తక్కిన తొమ్మిది నిజాషాఢములో నడచినవి. లోకులు మలమని తలచు మాసమునందే గోదావరి తన పుష్కరమును ఆరంభించినది!

గురువు ప్రవేశించినది మొదలు పన్నెండు దినములు ఆదిపుష్కరము. ఆ పన్నెండును సమానముగ పవిత్రములు. అంతటితో ముగియలేదు. గురువు ఆ రాశిని విడుచునపుడు మరి పన్నెండు దినములు అంత్యపుష్కరము. 2015 పుష్కరమునకు అంత్యపుష్కరము 2016 జూలై 31 మొదలు జరిగినది. ఈ రెండింటి నడుమ సంవత్సరమంతయు ప్రతి మధ్యాహ్నము రెండు ముహూర్తముల కాలము పుష్కరుడు నదిలో నుండునని సంప్రదాయము. ఇంత విశాలముగ శాస్త్రము తలుపులు తెరచియుంచగా, ఒక్క ఘడియకొరకు తోటి భక్తుని త్రోసివేయనేల? ముసలి తల్లిని జనసమ్మర్దములోనికి నెట్టుకొనిపోనేల? తొలినాడు కుదరనిచో ఏడవనాడు, రాజమహేంద్రవరమున వీలు కానిచో కొవ్వూరున, కోటిపల్లిలో, నరసాపురమున, అంతర్వేదిలో స్నానము చేయవచ్చును. ధవళేశ్వరము దిగువన పాయలుగ చీలినంతమాత్రమున గోదావరి తగ్గలేదు. ఏ పాయలో మునిగినను ఆ తల్లియే.

ప్రతి ఉదయము గృహస్థుడు సంకల్పము చెప్పుకొనునపుడు శ్వేతవరాహకల్పము నుండి దిగి, వైవస్వతమన్వంతరము, కలియుగము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి వరకు వచ్చి, గోదావరీతీరమును పేర్కొని, తన గోత్రనామములతో ముగించును. కోట్లాది సంవత్సరముల లెక్క చివరకు ఒక చెంబెడు నీటితో నిలిచిన ఒక్క మనిషి దగ్గరకు వచ్చి ఆగును. కాలమును పెద్దదిగా చేసి చూపుట మనిషిని భయపెట్టుటకు కాదు. ఆ మహాకాలములో అతని ఉదయమునకును ఒక స్థానము కలదని తెలుపుటకు. గీతాచార్యుడు గణించువారిలో కాలమును తానేనని సెలవిచ్చెను. లెక్కించువాడు ఆయనయే అయినపుడు లెక్కకు మిగిలినది ఆయన దృష్టినుండి జారిపోదు.

పరాభవ నామ సంవత్సర అధిక జ్యేష్ఠము 2026 మే 17 మొదలు జూన్ 15 వరకు. మరుసటి యేట పుష్కరము. జీవితములోను ఇట్టి శేషములే కలవు. ఉద్యోగము ముగిసిన పిదప మిగిలిన ఏండ్లు, బిడ్డలు దూరదేశములకు పోగా మిగిలిన ఇల్లు, ఏ శుభకార్యమునకు పిలువబడక ఒక మూల కూర్చున్న వితంతువు, ఎవరికిని పనికిరానని తలచు వృద్ధుడు. లోకము పక్కన పెట్టినదెల్ల మలము కాదు. అధికమాసమును తన పేరుతో పిలిచిన స్వామి ఆ మిగిలిన ఏండ్లను కాదనడు. వానిని ఆయనకు సమర్పించుటయే పురుషోత్తమ వ్రతము. అట్టి పెద్దలను ఇంటిలో ఆదరించి, చేయిపట్టి గోదావరికి నింపాదిగా తోడ్కొనిపోవుట అందరికిని విధియైన పుష్కరయాత్ర.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.